యూటా అమ్మల రీల్స్ చూసేటప్పుడు ఏం చూడాలి, ఎలా చూడాలి

మీ ఫీడ్‌లోకి కూడా వచ్చే ఉంటారు వీళ్ళు. పొడుగు జుట్టు, పువ్వుల గౌను, చంకలో ఒక పాప, కాళ్ళకి అడ్డం పడుతూ ఇంకో ఇద్దరు, ఆవిడ మాత్రం నవ్వుతూ పిండి పిసుకుతూ ఉంటుంది, కిటికీలోంచి ఎండ, పక్కన చెక్క గిన్నెలో గుడ్లు, ఎవరూ ఏడవరు, గట్టు మీద ఒక్క ఎంగిలి గ్లాసు కనపడదు. కింద మన వాళ్ళ కామెంట్లు కూడా ఉంటాయి, అబ్బ ఎంత ఓపికమ్మా, ఇద్దరితోనే నా ప్రాణం పోతోంది అని. ఈ టైపు పెద్ద అకౌంట్లు చాలా వరకు అమెరికాలో యూటా రాష్ట్రం నుంచి వస్తాయి, నడిపేవాళ్ళలో చాలా మంది మార్మన్లు, లేదా మార్మన్ ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళు.

నేను హైదరాబాద్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్ మార్కెటింగ్‌లో పని చేస్తా, అంటే ఇలాంటి వీడియోల వెనకాల ఏం జరుగుతుందో చూడటమే నా ఉద్యోగం, అందుకే ఇవి చూసే పద్ధతి ఒకటి చెప్దామని. చూడటం మానేయండి అనను, నేనే మానలేదు, రాత్రి పడుకునే ముందు ఆ బ్రెడ్ కోస్తున్న చప్పుడు వింటే హాయిగానే ఉంటుంది. నేను చెప్పేది ఒకటే, దాచింది ఏంటా అని తవ్వకండి, చూపించింది సరిగ్గా చూడండి. వీళ్ళ గురించి బయటికొచ్చిన విషయాల్లో చాలా వరకు వాళ్ళ సొంత వీడియోల్లోనే ఉన్నాయి, అందరూ చూశారు, చూసి లైక్ కొట్టి పైకి జరిపేశారు.

ముందు అసలు వీళ్ళెవరో కొంచెం తెలుసుకుని కూర్చోండి, లేకపోతే సగం అర్థం కాదు. చర్చి అసలు పేరు ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్, 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టాడు, తర్వాత వాళ్ళు వలస పోయి యూటాలో స్థిరపడ్డారు. మార్మన్ అనగానే నలుగురు పెళ్ళాలు అనుకుంటారు మనోళ్ళు, ఆ పద్ధతిని ఆపేస్తున్నామని చర్చి 1890లోనే ప్రకటించింది. కాఫీ, టీ, మందు, సిగరెట్ ముట్టరు, సంపాదనలో పదో వంతు చర్చికి ఇవ్వాలి, పెళ్ళిళ్ళు త్వరగా అవుతాయి, పిల్లలు ఎక్కువ. 2018 నుంచి చర్చి మమ్మల్ని మార్మన్ అనకండి, పూర్తి పేరు వాడండి అని గట్టిగా చెప్తోంది, కానీ ఇన్‌ఫ్లుయెన్సర్లకి ఆ మాటే బ్రాండ్ అయిపోయింది, వాళ్ళెందుకు వదులుతారు. ఇంకోటి, వీళ్ళు ఎక్కడో లేరు, ఇండియాలో వీళ్ళ మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిపిన పెద్ద యూనిట్, 2012లో మన హైదరాబాద్‌లోనే పెట్టారు. మీ ఆఫీసులోనే ఒకరు ఉండొచ్చు. కాబట్టి రీల్ చూసి మతం మీద జోకులేసే ముందు ఆగండి, ఆ రీల్‌కీ ఆదివారం చర్చికెళ్ళొచ్చే మామూలు మార్మన్ ఫ్యామిలీకీ చాలా దూరం.

ఇంత మంది ఇన్‌ఫ్లుయెన్సర్లు అక్కడి నుంచే ఎందుకు అంటే, వాళ్ళకి డైరీ రాయడం, ఫ్యామిలీ ఫోటోలు ఆల్బమ్‌లుగా దాచడం, వంశం చరిత్ర వెతకడం చిన్నప్పటి నుంచి అలవాటు, చర్చిలోనే ప్రోత్సహిస్తారు. బ్లాగులు రాగానే ఆ డైరీలన్నీ అక్కడికి మారాయి. పైగా మతం గురించి నలుగురికి చెప్పడం బాధ్యత అనుకుంటారు, 2014లో చర్చి పెద్దల్లో ఒకరైన డేవిడ్ బెడ్నార్ సోషల్ మీడియాలో మన విశ్వాసం గురించి వరదలా పంచండి అని పెద్ద ప్రసంగమే ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళకే పెళ్ళి, చేతిలో బిడ్డ, ఇంట్లోనే ఉండే తల్లి, కెమెరా భయం లేదు, మందు గ్లాసు లేని నీట్ ఫోటోలు, యాడ్స్ ఇచ్చేవాళ్ళకి ఇంకేం కావాలి. మొదట్లో అందరూ ఇంత తీపిగా కూడా లేరండోయ్. అమ్మల బ్లాగులకి ఆద్యురాలు అని చెప్పే హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్, డూస్ అనే పేరుతో 2001లో మొదలుపెట్టింది, మార్మన్ ఇంట్లో పెరిగి చర్చి వదిలేసిన మనిషి, సాల్ట్ లేక్ సిటీలో కూర్చుని కాన్పు తర్వాత వచ్చిన డిప్రెషన్ గురించి, హాస్పిటల్లో చేరడం గురించి ఉన్నదున్నట్టు రాసేది. 2023లో చనిపోయింది. ఆవిడ రాసినట్టు రాయడం తర్వాత తగ్గిపోయింది, ఫోటోకి డబ్బులొస్తాయి, ఏడుపుకి రావు.

సరే ఇప్పుడు పద్ధతికి వద్దాం. ఒక రీల్ తీసుకోండి, సౌండ్ తీసేయండి, రెండోసారి చూడండి. మ్యూజిక్ పోగానే కళ్ళు పనిచేయడం మొదలుపెడతాయి, నిజంగా. ఇప్పుడు మనిషిని వదిలేసి వస్తువుల్ని చూడండి. బ్యాలెరినా ఫార్మ్ అకౌంట్ తీసుకుందాం, హానా నీల్‌మన్, యూటాలో కామస్ అనే ఊరి దగ్గర 328 ఎకరాల ఫార్మ్, దాదాపు కోటి మంది ఫాలోవర్లు, 2024 నాటికి ఎనిమిది మంది పిల్లలు. ఆవిడ వంట చేసే పొయ్యి చూశారా, ఆకుపచ్చగా పెద్ద బీరువా అంత ఉంటుంది, ఆగా కంపెనీది, పాతకాలం పల్లెటూరి పొయ్యిలా కనపడే ఆ పొయ్యి వేల డాలర్లు, మన లెక్కలో ఒక కారు. అది ఆవిడ ఎప్పుడూ దాచలేదు, ప్రతి వీడియోలో వెనకాలే ఉంది. భర్త డేనియల్, జెట్‌బ్లూ ఎయిర్‌లైన్స్ పెట్టిన డేవిడ్ నీల్‌మన్ కొడుకు. ఇదీ రహస్యం కాదు, వెతికితే ఒక్క నిమిషంలో దొరుకుతుంది. పల్లెలో కష్టపడి పాలు పితుక్కుని బతుకుతున్న జంట అనుకున్నది మనం, వాళ్ళు ఆ మాట అనలేదు, అలా అనుకునేలా ఫ్రేమ్ పెట్టారు, అంతే. ఒక విమానాల కంపెనీ కుటుంబం వెనకాల ఉంటే వ్యవసాయంలో ఒక ఏడాది పంట పోయినా ఫర్వాలేదు, మన గుంటూరు మిర్చి రైతుకి ఆ సీన్ ఉండదు కదా.

2024 జూలైలో లండన్ నుంచి వచ్చే ద టైమ్స్ పత్రిక ఒక రిపోర్టర్‌ని వాళ్ళింటికి పంపింది, ఆ వ్యాసం పెద్ద దుమారం లేపింది. అందులో ఏముందంటే, హానా న్యూయార్క్‌లో జూలియార్డ్ అనే పేరున్న కళల కాలేజీలో బ్యాలే చదివింది, ఫస్ట్ టైమ్ కలిసి విమానం ఎక్కినప్పుడు పక్క సీటు యాదృచ్ఛికంగా రాలేదు, డేనియల్ జెట్‌బ్లూలో ఫోన్ చేసి వేయించుకున్నాడు. డ్యాన్స్ స్టూడియో చేసుకుందామనుకున్న చిన్న కొట్టం పిల్లల బడి గది అయిపోయింది. ఒక్కోసారి అలసటతో వారం రోజులు మంచం దిగలేదు అని భర్తే చెప్పాడు. ఇది చదివి ప్రపంచమంతా పాపం అంది. కానీ నాకు ఇంకో వీడియో గుర్తొస్తుంది, వాళ్ళే పెట్టుకున్నది, ఆవిడ పుట్టినరోజు, గిఫ్ట్ బాక్స్ విప్పుతూ గ్రీస్ టికెట్లు అయ్యుంటాయా అని నవ్వుతూ అంటుంది, లోపల గుడ్లు ఏరుకోవడానికి జేబులున్న ఏప్రన్ ఉంటుంది. ఆ ఒక్క సెకను ముఖం చూడండి, తర్వాత మళ్ళీ నవ్వు. లక్షల మంది అప్పుడు చూసి క్యూట్ అన్నారు, వ్యాసం వచ్చాక అదే వీడియో తీసి అయ్యో అన్నారు, వీడియో మాత్రం అదే.

ఇక్కడే ఒక బ్రేక్ కూడా వేసుకోవాలి. ఆ వ్యాసం తర్వాత ఆవిడ ఒక వీడియోలో ఇది మా కుటుంబం మీద దాడిలా అనిపించింది, మేమిద్దరం సమానంగా బిజినెస్ నడుపుతున్నాం అని చెప్పింది. మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు, అయినా ఇద్దరి మధ్య కాపురం ఎలా ఉందో నలభై సెకన్ల క్లిప్‌లో తేల్చేసే హక్కు మనకి లేదు, కనురెప్ప కొట్టింది కాబట్టి సాయం అడుగుతోంది అని కామెంట్లు పెట్టే బ్యాచ్‌లో చేరకండి. పొయ్యి ధర చెప్పగలం, ఎవరి మనసు ఎలా ఉందో చెప్పలేం. పైన పటారం లోన లొటారం అని ఒక్క మాటలో కొట్టి పడేయడం కూడా అంతే, అదొక బద్ధకం. ఆవిడ నిజంగానే బ్రెడ్ చేస్తుంది, నిజంగానే ఆవులున్నాయి, ఉద్యోగులు కూడా ఉన్నారు, అది ఒక కంపెనీ.

తర్వాత టైమ్ చూడండి. పులియబెట్టిన బ్రెడ్ రీల్ ముప్పై సెకన్లు ఉంటే అసలు పని ఒకటిన్నర రోజు, ముందు రోజు స్టార్టర్‌కి, అంటే పులియబెట్టడానికి దాచుకునే పాత పిండి ముద్దకి, కొత్త పిండి వేయాలి, పిండి కలిపి నాలుగైదు గంటలు మధ్య మధ్యలో మడతపెట్టాలి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి, పొద్దున్న కాల్చాలి. కిటికీ వెలుగు చూస్తే తెలిసిపోతుంది, మొదటి షాట్‌లో నీడ ఎడమ పక్క ఉంటుంది, రెండో షాట్‌కి కుడి పక్క, చొక్కా మాత్రం అదే, పాప గౌను మారిపోయి ఉంటుంది. అంటే మధ్యలో ఎన్ని గంటలో, పాప ఏడ్చిందో పడుకుందో. తర్వాత కెమెరా ఎక్కడుందో చూడండి. కదలకుండా ఉంటే ట్రైపాడ్, అంటే ఆవిడ ముందు ఫోన్ పెట్టి, వెనక్కెళ్ళి, తలుపు తీసుకుని మళ్ళీ లోపలికి వచ్చింది. ఆవిడ నడుస్తుంటే కెమెరా కూడా వెనకాలే నడుస్తోందంటే ఇంకో మనిషి ఉన్నారు, ఒంటరిగా ఇల్లు చక్కబెట్టుకుంటున్నా అన్న క్యాప్షన్ కింద ఇది గమనించండి, బాగా నవ్వొస్తుంది.

డబ్బు సంగతి. మాకు బ్రాండ్ నుంచి వచ్చే బ్రీఫ్, అంటే వీడియో ఎలా తీయాలో రాసిచ్చే కాగితం, ఎలా ఉంటుందో చెప్తా, అన్ని దేశాల్లో దాదాపు ఇంతే. మొదటి మూడు సెకన్లలో ప్రోడక్ట్ కనపడకూడదు, యాడ్ అని స్క్రోల్ చేసేస్తారు. ఐదో సెకను దగ్గర సీసా లేబుల్ కెమెరా వైపు ఉండాలి. పొద్దున్న వెలుగు కావాలి. పోటీ బ్రాండ్ ఏదీ గట్టు మీద ఉండకూడదు. పిల్లలుంటే మంచిది అని రాయరు, ఫ్యామిలీ మూమెంట్ అని రాస్తారు. స్క్రిప్ట్ రెండు సార్లు అప్రూవల్‌కి వెళ్తుంది, అప్పుడు ఆవిడ సహజంగా మాట్లాడుతుంది. ఇవి తెలిసాక మీరు రీల్ చూస్తే లేబుల్ ఎటు తిరిగి ఉందో అదే కంటికి ముందు తగులుతుంది. ఇక బయోలో లింక్, నేను వేసుకున్న గౌను ఇదే అని, ఆ లింక్ నొక్కి మీరు కొంటే ఆవిడకి కమీషన్, చాలా సార్లు నొక్కాక మీరు అదే షాపులో వేరే వస్తువు కొన్నా కమీషన్ పడుతుంది. తప్పేం లేదు, వ్యాపారం. అమెరికాలో డబ్బు తీసుకుని చెప్తే ఆ విషయం స్పష్టంగా రాయాలని ఎఫ్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ రూలు ఉంది, మన దగ్గర కూడా 2021 నుంచి యాడ్స్ కౌన్సిల్ గైడ్‌లైన్స్ ఉన్నాయి. ఆ చిన్న అక్షరాలు ముప్పై హ్యాష్‌ట్యాగుల చివర్లో ఇరికిస్తే అదే ఒక సమాచారం. యూటాలో ఇంకో కోణం, నూనెలు, విటమిన్లు, క్రీములు అమ్మే చెయిన్ మార్కెటింగ్ కంపెనీలు బోలెడు, డోటెరా, యంగ్ లివింగ్, నూ స్కిన్ అన్నీ అక్కడివే, కాబట్టి నా జీవితం మార్చేసిన చిన్న సీసా అన్న క్యాప్షన్ వస్తే కింద మీరూ చేరండి అన్న లింక్ ఉందేమో చూసుకోండి.

ఇప్పుడు అసలైనది, పిల్లలు. ఇక్కడ మాత్రం తొందరపడకండి.

రూబీ ఫ్రాంకీ అని యూటాలో ఆరుగురు పిల్లల తల్లి, 2015లో 8 ప్యాసింజర్స్ అని యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టింది, ఒకప్పుడు 25 లక్షల దాకా సబ్‌స్క్రైబర్లు. క్రమశిక్షణ గల మార్మన్ కుటుంబం, పిల్లల పెంపకం మీద సలహాలు. 2020లో ఒక వీడియోలో పెద్ద కొడుకు తను ఏడు నెలలుగా బీన్ బ్యాగ్ మీద పడుకుంటున్నానని, మంచం ఉన్న గది శిక్షగా తీసేశారని చెప్పాడు, కెమెరా ముందే, మామూలుగా, ఛానల్లో అప్‌లోడ్ చేసిన వీడియోలో. ఇంకో వీడియోలో ఆరేళ్ళ పాప లంచ్ మర్చిపోయి బడికెళ్ళింది, టీచర్ మెసేజ్ పెట్టినా తల్లి తీసుకెళ్ళలేదు, ఆకలి తెలిస్తే రేపటి నుంచి గుర్తుంటుంది, ఎవరూ పెట్టకూడదు అని కెమెరాకి చెప్పింది. కొందరు ప్రేక్షకులు పిటిషన్ వేశారు, అధికారులు వచ్చి చూసి వెళ్ళారు, ఛానల్ మాత్రం అప్పుడు ఆగలేదు. 2023 ఆగస్టు 30న ఐవిన్స్ అనే ఊళ్ళో పన్నెండేళ్ళ కొడుకు కిటికీలోంచి దూకి పక్కింటి తలుపు కొట్టి తిండి, నీళ్ళు అడిగాడు, మణికట్లకి, చీలమండలకి టేపు చుట్టి ఉంది. అది రూబీ బిజినెస్ పార్ట్‌నర్, కౌన్సెలర్ జోడీ హిల్డెబ్రాంట్ ఇల్లు. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, 2024 ఫిబ్రవరిలో ఒక్కొక్కరికి ఒకటి నుంచి పదిహేనేళ్ళ శిక్షలు నాలుగు, ఒకదాని తర్వాత ఒకటి, యూటా చట్టం ప్రకారం మొత్తం ముప్పై ఏళ్ళకి మించదు.

చివర్లో జరిగింది కెమెరా బయటే, నిజమే, అది ఎవరికీ కనపడలేదు. కానీ బీన్ బ్యాగ్ కనపడింది, లంచ్ కనపడింది. మంచి తల్లి, స్ట్రిక్ట్ తల్లి అనే చట్రంలో పెట్టి చూపిస్తే అది మనకి పెంపకంలా కనపడింది. అందుకే పిల్లలున్న ఏ వీడియో చూసినా ఇవి అడగండి. ఈ పిల్ల ఏడుస్తుంటే కెమెరా ఎందుకు ఆగలేదు. పక్క తడపడం, మొదటి నెలసరి, మార్కులు తగ్గడం, ఇది ఈ పిల్ల పదిహేనేళ్ళకి క్లాసులో ఎవరైనా చూపిస్తే ఎలా ఉంటుంది. పిల్ల నవ్వే ముందు అమ్మ వైపు చూసిందా, కెమెరా వైపు చూసిందా. వద్దు అని చెయ్యి అడ్డం పెట్టిన షాట్ కట్ చేయకుండా ఉంచారంటే, అది సరదా అనుకుని ఉంచారన్నమాట, అది గుర్తుపెట్టుకోండి. ఒక వీడియోతో ఎవరినీ దోషి అనేయకండి, రెండు మూడు నెలల వీడియోలు వరసగా చూడండి, ఒకే పిల్లాడు పదే పదే అల్లరివాడి పాత్రలో వస్తున్నాడేమో, బక్కచిక్కిపోతున్నాడేమో. లైక్ కొట్టకపోవడం చిన్న పనే, కానీ ఆ ఏడుపు వీడియోకి వ్యూస్ వస్తే ఇంకో ఏడుపు వీడియో వస్తుంది, మా ఆఫీసులో చార్టులు చూసేవాళ్ళకి ఇది బాగా తెలుసు.

పెద్ద కూతురు షారీ, అరెస్ట్ రోజు పోలీసుల ఫోటో పెట్టి ఎట్టకేలకు అని రాసిన అమ్మాయి, 2024 అక్టోబర్‌లో యూటా శాసనసభ్యుల ముందు కూర్చుని ఫ్యామిలీ వ్లాగింగ్ వల్ల తనకి ఏం జరిగిందో చెప్పింది. 2025లో యూటా చట్టం చేసింది, పిల్లల్ని చూపించి ఒక స్థాయి దాటి సంపాదించేవాళ్ళు పిల్లల వాటా ట్రస్ట్‌లో పక్కన పెట్టాలి, పెద్దయ్యాక పిల్లలు వీడియోలు తీసేయమని అడగొచ్చు. ఇల్లినాయ్ అనే ఇంకో రాష్ట్రం అప్పటికే ఇలాంటిది తెచ్చింది. మన దగ్గర తెలుగు ఫ్యామిలీ వ్లాగులు ఇన్ని ఉన్నాయి, ఇంత స్పష్టంగా ఎక్కడా రాయలేదు, ఎవరైనా ఎమ్మెల్యే గారు ఇది చదువుతుంటే చూడండి సార్.

ఇంకో జాగ్రత్త, ముసుగు తీసేశాం చూడండి అని వచ్చే కంటెంట్ మీద. 2022 మేలో, మామ్‌టాక్ అని టిక్‌టాక్‌లో వీడియోలు పెట్టే యూటా మార్మన్ అమ్మల గ్రూపులో పేరున్న టేలర్ ఫ్రాంకీ పాల్ టిక్‌టాక్ లైవ్‌లో తన విడాకుల గురించి, తమ స్నేహితుల జంటల మధ్య నడిచిన వ్యవహారాల గురించి చెప్పేసింది, ఇంటర్నెట్ ఊగిపోయింది. 2024 సెప్టెంబర్‌లో అదే గ్రూపు మీద హులూ అనే అమెరికా ఓటీటీలో ద సీక్రెట్ లైవ్స్ ఆఫ్ మార్మన్ వైవ్స్ అని రియాలిటీ షో. దానికి ముందే చర్చి, పేరు ఎత్తకుండా, ఇలాంటి షోలు మా జీవితాన్ని వక్రంగా చూపిస్తున్నాయని ప్రకటన ఇచ్చింది. చూడండి, కానీ ఇది నిజం, ఆ రీల్స్ అబద్ధం అని మాత్రం అనుకోకండి. పిండి పిసకడం ఒక ప్యాకేజీ, చెదిరిన కాపురం ఇంకో ప్యాకేజీ, రెండిటికీ ఎడిటర్ ఉంటాడు, రెండిటి మధ్యలో యాడ్స్ వస్తాయి. ఆ షోలో అందరి చేతిలో పెద్ద గ్లాసు సోడా ఉంటుంది కదా, కాఫీ, మందు కుదరదు కాబట్టి కోక్‌లో కొబ్బరి సిరప్, క్రీమ్, నిమ్మరసం కలిపి తాగే డర్టీ సోడా, 2010లో యూటా సెయింట్ జార్జ్‌లో మొదలైన స్విగ్ అనే షాపు దాన్ని ఫేమస్ చేసింది. నాకు షోలో అన్నిటికన్నా నిజంగా అనిపించింది ఆ గ్లాసే, ఎందుకంటే అక్కడ మామూలు ఆడవాళ్ళు కూడా సాయంత్రం బడి దగ్గర పిల్లల్ని ఎక్కించుకుని అదే లైన్లో నిలబడతారు.

ఇదంతా చేశాక కూడా వాళ్ళని చూసిన రోజు మీ ఇల్లు మీకు చిరాగ్గా కనిపిస్తోంది, మీ ఆయన మీద, పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నారు అనిపిస్తే, ఇక విశ్లేషణ అక్కర్లేదు, ఫీడ్ మార్చేయండి. రీల్ మీద మూడు చుక్కలు నొక్కి ఇంట్రెస్ట్ లేదు అని పెడితే ఒకటి పోతుంది, కానీ అదే రకం ఇంకో అకౌంట్ వస్తుంది, కాబట్టి ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో కంటెంట్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళండి, అక్కడ సజెస్టెడ్ కంటెంట్ రీసెట్ చేసే ఆప్షన్ ఉంది, నొక్కితే మీకు చూపించేవన్నీ మళ్ళీ కొత్తగా మొదలవుతాయి. తర్వాత ఒకటి రెండు రోజులు ఏ రీల్ మీదా ఊరికే ఆగకండి, ఆగిన సెకన్లు కూడా లెక్కేస్తుంది అది. వంట కావాలంటే వంట పేరు టైప్ చేసి వెతుక్కోండి, గోంగూర పప్పు అని కొడితే గోంగూర పప్పే వస్తుంది, ఎనిమిది మంది పిల్లలు రారు.